లక్క పెట్టె అడుగున

మొన్నామధ్య మా ఇంటికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి వచ్చారు. ఇద్దరికీ పాతికేళ్ళు దాటి ఉండవు. కారు వీధిలో ఆపుకుని, చెప్పులు గుమ్మం బయట విప్పి, "పాత సామాన్లు ఏమైనా ఉంటే చూపిస్తారాండి, అమ్మకపోయినా పరవాలేదండి, చూసి వెళ్ళిపోతాం" అని ఎంతో మర్యాదగా అడిగారు. సరే, రమ్మన్నాను. రిటైరైన టీచరమ్మ ఇంట్లో ఏముంటాయి? మా నాన్నగారి టేకు కుర్చీ, మా అమ్మ మరచెంబు, ఎప్పుడో ఆగిపోయిన గోడ గడియారం. అమ్మాయి మరచెంబుని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, బోర్లించి అడుగు చూసింది. అబ్బాయి కుర్చీ కోడుని వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గి విన్నాడు. ఆ తట్టడం చూసేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. ఏమీ అమ్మనని చెప్పేసి, కాఫీ ఇచ్చి పంపించేశాను. పాపం, నొచ్చుకున్నారేమో కూడా. ఒక వస్తువు అడుగు ఎవరైనా తిరగేసి చూస్తుంటే నాకు ఇప్పటికీ భయమని వాళ్ళకేం తెలుసు?

నా చిన్నప్పుడు ఇలా కార్లలో వచ్చేవాళ్ళు లేరు. సైకిలుకి గంప కట్టుకుని, గంప నిండా తళతళలాడే స్టీలు సామాన్లు పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఇత్తడి బిందె ఇస్తే స్టీలు బిందె, కంచు గిన్నె ఇస్తే మూత ఉన్న స్టీలు డబ్బా. చింతపండు పెట్టి తోముకునే చాకిరీ తప్పిందని ఆడవాళ్ళు సంబరంగా ఇచ్చేసేవారు. మా వాళ్ళ ఇళ్ళల్లో ఇవ్వడానికి కూడా పెద్దగా ఏమీ ఉండేవి కావు. మా ముత్తాతలు ఒకళ్ళ పొలాల్లో పాలేర్లు. వాళ్ళు క్రైస్తవంలోకి వచ్చాక బడి గుమ్మం ఎక్కారు, ఆ చదువే పట్టుకుని మా నాన్నగారి తరం ఉద్యోగాల్లోకి వచ్చింది. తాతల నాటి వస్తువు అని చెప్పుకోడానికి మా ఇంటి మొత్తానికి ఉన్నది ఒక్కటే. అది మా మామ్మ లక్క పెట్టె.

మామ్మంటే మా నాన్నగారి అమ్మ, దీనమ్మ. ఆవిడ ఇల్లు సఖినేటిపల్లి రేవుకి కాస్త ఇవతల, కాలవ గట్టు దిగువన ఉండేది. తాటాకు కప్పు, మట్టి గోడలు, ముందు చిన్న వసారా. గట్టు కింద నానబెట్టిన కొబ్బరి పీచు కంపు ఎప్పుడూ ఆ ఇంటి చుట్టూ తిరుగుతూ ఉండేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు గానీ, నాకైతే సెలవులు వచ్చాయనడానికి ఆ వాసనే గుర్తు. మామ్మ పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకునేది. గంజన్నం తిన్నాక వసారాలో పీట వేసుకుని పెట్టె ముందుకి లాక్కునేది. గుండ్రటి పెట్టె. పైన ఎర్రటి లక్క, లోపల నలుపు, చుట్టూ సన్నటి గీతలతో నెమళ్ళు. లోపల ఒకదాని మీద ఒకటి రెండు పళ్ళేలు. పై పళ్ళెంలో తమలపాకులు, కింద దాన్లో వక్కలు, సున్నం కాయ, పొగాకు కాడ. మూత తీయగానే వాటన్నింటి ఘాటు వాసన గుప్పుమని కొట్టేది. ఆ పెట్టె ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ హక్కు లేదు. పిల్లలెవరైనా చెయ్యి పెడితే మామ్మ చేతిలో విసనకర్ర వాళ్ళ వీపు మీద పడేది.

ఆ పెట్టె రంగూన్‌ది. మా తాతయ్య పెళ్ళి కాగానే మామ్మని తీసుకుని ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళి, అక్కడ బియ్యం మిల్లులో కూలికి కుదిరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డప్పుడు అందరితోపాటు కాలినడకన అడవులూ కొండలూ దాటి వెనక్కి వచ్చారు. అప్పటికి మా పెదనాన్న తాతయ్య భుజాల మీద ఎక్కేంత పిల్లాడు, మా అత్తయ్య చంటిపిల్ల. మా నాన్నగారు ఇక్కడికి వచ్చాక పుట్టారు. నాకు ఊహ తెలిసేసరికే తాతయ్య లేడు. రంగూన్ కబుర్లు అడిగితే మామ్మ ఎంతసేపైనా చెప్పేది. ఏనుగులు దుంగలు లాగడం, మిల్లు పొట్టు గాలికి ఎగిరి కళ్ళల్లో పడటం, బర్మా ఆడవాళ్ళు జడలో పువ్వులు పెట్టుకునే తీరు. నడక దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "కొండ ఎక్కేం, దిగేం, దేవుడు దింపేడు" అని పెట్టె దగ్గరికి లాక్కుని ఆకుకి ఈనె తీయడం మొదలుపెట్టేది. ఇంక ఎవరడిగినా నోరు విప్పేది కాదు. ఆ అడవుల్లో దారి పొడుగునా శవాలేనని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు కాబట్టి, తలుచుకోలేక మానేస్తోందనుకునేవాళ్ళం.

మా అత్తయ్య పేరు సుగుణ. అమలాపురంలో ఆడపిల్లల హైస్కూల్లో టీచరు. పెళ్ళి చేసుకోలేదు. నేను ఇంటర్ చదవడానికి అమలాపురం వెళ్ళి ఆవిడ దగ్గరే ఉన్నాను. పెద్ద మండువా ఇంటి వెనకాల ఒక గది, ఒక వంటచావడి అద్దెకి తీసుకుని ఉండేది. ఇంటావిడ అద్దె పుచ్చుకునేది గానీ నూతి చేద మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. పనిమనిషి తోడి పైనుంచి పోస్తే, మేము కింద బిందె పట్టుకోవాలి. నీళ్ళు తుళ్ళి మా కాళ్ళ మీద పడేవి. నాకు కడుపు మండిపోయేది. అత్తయ్య మాత్రం బిందె చంకన పెట్టుకుని, తల ఎత్తి, ఆ ఇంటావిడ కళ్ళలోకి చూసి "వస్తానండి" అని చెప్పి మరీ వచ్చేది. ఎంత మర్యాదగా అనేదంటే, ఇంటావిడే తల తిప్పుకునేది. సెలవు వస్తే చాలు, ఇద్దరం బస్సెక్కి మామ్మ దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళం. పెదనాన్న ఆ ఊళ్ళోనే ఉండేవాడు, మా అమ్మా నాన్నగారూ కూడా సెలవులకి అక్కడికే వచ్చేవారు. అక్కడ తల్లీకూతుళ్ళిద్దరికీ క్షణం పడేది కాదు. పొగాకు మానవని కూతురు, జుట్టుకి నూనె రాసుకోవని తల్లి. ఆ సాధింపులు వింటూ నేను నిద్రపోయేదాన్ని.

తాటిపాక వైపు చమురు కంపెనీ వాళ్ళు దిగిన రోజులవి. ఎక్కడెక్కడి మనుషులో మా ప్రాంతానికి రావడం మొదలైంది. వాళ్ళలో పెద్ద ఉద్యోగులు కొందరు పాత వస్తువులంటే ఇష్టపడతారని తెలిసి, పట్నాల్లో వ్యాపారులు మనుషుల్ని పల్లెలకి పంపేవారు. ఆ ఎండాకాలం సెలవుల్లో అలాంటి ఆయనొకడు నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చాడు. తెల్లటి లాల్చీ, చంకలో గొడుగు. దాహమడిగి వసారాలో కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగుతూ తాగుతూ మామ్మ ముందున్న పెట్టె చూసి చెంబు కింద పెట్టేశాడు.

"మామ్మగారూ, ఇది ఎక్కడిదండి?"

"రంగూన్‌దయ్యా."

"ఒక్కసారి చూడనిస్తారాండి? చూసి ఇచ్చేస్తాను."

అంత మెత్తగా అడిగేసరికి మామ్మ కాదనలేక ఆకులూ వక్కలూ ఒళ్ళో పోసుకుని ఇచ్చింది. ఆయన మూత తీశాడు, పళ్ళేలు తీశాడు, బోర్లించి అడుగు చూశాడు. వేలి కణుపుతో పక్కలు తట్టాడు, తరవాత అడుగు తట్టాడు. రెండు చప్పుళ్ళూ ఒకలా లేవని నాకు కూడా తెలిసింది. పెట్టెని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఆడించాడు.

"ఇది వెదురు బద్దలతో అల్లి లక్క పూసిందండి. ఇలాటివి చాలా చూసేను. చేతిలో పువ్వులాగుండాలి. ఇదేంటండి ఇంత బరువుంది?" అని, మా ముఖాలు చూసి, ఎందుకన్నానా అనుకున్నట్టున్నాడు, గబుక్కున ఒక ధర చెప్పాడు. ఆ ధర విని మా పెదనాన్న నోట్లో చుట్ట జారి పంచె మీద పడింది.

"అమ్మనయ్యా" అంది మామ్మ.

"ఆయ్, తొందరేం లేదండి. ఆలోచించుకోండి, మళ్ళీ వస్తాను" అని ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

పెదనాన్న జాన్‌రాజు పోస్టాఫీసులో పనిచేసేవాడు. మంచివాడే, కానీ ఏదైనా బుర్రలో పడితే వదిలేవాడు కాదు. "వట్టి వెదురు పెట్టెకి అంతిస్తానన్నాడంటే అడుగున ఏదో ఉందే అమ్మా. ఓసారి విప్పి చూద్దాం" అని పొద్దుటా సాయంత్రం అదే పాట. మామ్మ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కదిలేది కాదు. చివరికి మా అత్తయ్యే నవ్వుతూ, "చూడనియ్యమ్మా, అన్నయ్యకి నిద్ర పట్టడం లేదు. ఏముంటుంది, నలభై ఏళ్ళ సున్నం ఉంటుంది" అంది. మామ్మ అత్తయ్య ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత పెట్టె ఖాళీ చేసి, పెదనాన్నకి ఇవ్వకుండా, అత్తయ్య చేతుల్లో పెట్టింది. "నువ్వే చూడు" అంది.

అత్తయ్య పట్టుకుంటే పెదనాన్న చాకు మొన అంచులో దూర్చి తిప్పాడు. లక్క పెళుసుగా విరిగింది. ఒక పలచటి చక్రంలాంటిది ఊడి వచ్చింది. దాని కింద నల్లబడిపోయిన దూది. నేను ఆ దూది తీశాను. నా వేళ్ళకి చల్లగా ఏదో తగిలింది. చాప మీద బోర్లించగానే వేలెడంత బంగారు కడ్డీ ముక్క, చంటిపిల్లల చేతి మురుగులు రెండు, చిటికెడు ఎర్రరాళ్ళు, ఇంకా రావి ఆకులా ఉన్న చిన్న బంగారు బిళ్ళ బయటపడ్డాయి. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండే మా అమ్మ గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలో అలా నిలబడిపోయింది. మామ్మ వంగి ఆ బిళ్ళని చూసి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకు తెలీదు... ఇన్నాళ్ళూ నాకు తెలీదు" అని అదే మాట అంటోంది. అది సంతోషం పట్టలేక అనుకున్నాం మేము.

మర్నాడు పెదనాన్న, నాన్నగారు, అత్తయ్య, నేను రాజోలు వెళ్ళాం. నాన్నగారికి తెలిసిన ఆచారిగారు బంగారప్పని చేసేవారు. ఆయన మురుగుల్ని గీటురాయి మీద గీసి, గీతని తడి చేసి చూశాడు. రాళ్ళని ఒక్కొక్కటీ పట్టకారుతో పట్టుకుని, వాకిట్లోకి వెళ్ళి ఎండకి ఎత్తి చూశాడు. ఆయన బుగ్గ మీద ఎర్రటి చుక్క పడి కదిలింది. అది చూస్తూ మేం నిలబడ్డాం.

"కెంపులేనండి. గాజు కాదు. రంగూన్ కెంపులంటే ఇవేనండి" అన్నాడు. తరవాత ఆ చిన్న బిళ్ళ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఆడపిల్ల మొలతాడుకి కట్టే సిగ్గుబిళ్ళండి. అందరూ వెండితో చేయిస్తారు. బంగారంతో చేయించి కెంపు పొదిగించేరంటే బాగా కలిగినోళ్ళ ఇంటి పిల్లండి. అంచు చూసేరా, అరిగిపోయింది. చేయించి దాచింది కాదండి ఇది. ఎవరో పిల్ల దీన్ని కట్టుకుని ఇల్లంతా పాకింది." ఆయన కళ్ళజోడు మీదుగా పెదనాన్నని చూశాడు. "మీ అమ్మగారికి ఎలా వచ్చిందండి?"

పెదనాన్న దగ్గాడు. మిల్లు కూలీ ఇంటికి ఇది ఎలా వచ్చిందన్న ప్రశ్న అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదంటే ఇప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. బస్సులో అత్తయ్య మాత్రం నా చెవిలో, "మా నాన్న రంగూన్‌లో జమీందారీ చేసేడేమోనే బుల్లీ, మనకి చెప్పకుండా పోయేడు" అని కిలకిలా నవ్వింది. అత్తయ్య అలా అమాయకంగా నవ్వడం నేను చూసినది అదే ఆఖరు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర అన్నాలు తిని, అందరం వసారాలో చేరాం. పెదనాన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ముందు ఈ తాటాకు ఇల్లు తీసేసి పెంకుటిల్లు కట్టాలి. మిగిలినది అన్నదమ్ములిద్దరూ చెరి సగం. "చెల్లికి కూడా ఏదో ఒక వస్తువు ఇద్దాం. మురుగులు ఇద్దాం. ఏం చెల్లీ?"

"నాకేం వద్దన్నయ్యా. ముందు అమ్మ కళ్ళకి ఆపరేషన్ చేయించండి. రోజూ గుమ్మం తగులుకుని పడుతోంది" అంది అత్తయ్య.

గోడకి ఆనుకుని కూర్చున్న మామ్మ లేచి నిలబడింది. "పంచకండ్రా" అంది. "అది మీది కాదు. నాదీ కాదు."

"మరి ఎవరిదే?"

"సుగుణది. మొత్తం సుగుణదే."

పెదనాన్న ముఖం ఎర్రబడింది. "ఏం, చదువుకుందనా? ముద్దుల కూతురనా?"

"దాని అమ్మదిరా అది" అంది మామ్మ. మాకు అర్థం కాలేదు. "అమ్మంటే నేను కాదు. దాన్ని కన్నావిడ."

ఆ మాట విన్నప్పుడు నాకేమనిపించిందో ఇన్నేళ్ళ తరవాత కూడా సరిగ్గా చెప్పలేను. కాలవలో పడవ వెళ్తోంది, సరంగు ఎవరినో కేకేస్తున్నాడు, ఆ కేక ఎక్కడో దూరంగా ఉంది. మా నాన్నగారి చేతిలో గ్లాసు వంగి మజ్జిగ చాప మీద పారుతోంది, ఆయన చూసుకోవడం లేదు. అత్తయ్య ముఖంలో నవ్వు ఇంకా సగం అలాగే ఉంది. మామ్మ నిలబడే చెప్పింది.

"మిల్లుకి కూలీల్ని పెట్టే మేస్త్రీగారుండేవారు. మన తెలుగోళ్ళే. పెద్ద కులం. వాళ్ళ పెరట్లోకి వెళ్తే మేం గుమ్మం దగ్గరే నిలబడాలి. బాంబులు పడ్డాక వాళ్ళూ మాతోపాటే బయల్దేరేరు. బండి ఉన్నంతవరకూ బండి మీద, తరవాత అందర్లాగే కాళ్ళ మీద. మేస్త్రీగారు వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒక్క పూటలో పోయేరు. ఆవిడ ఒక్కతీ మిగిలింది. చంకలో పిల్ల, చేతిలో ఈ పెట్టె. నాలిక పిడచకట్టుకుపోతన్నా నేను ముంతతో నీళ్ళిస్తే తాగలేదు. తల అడ్డంగా ఊపింది. నేనేం అనుకోలేదమ్మా, అలవాటే గదా. కొండ మీద పడిపోయింది. ఇంక లేవలేనని ఆవిడకి తెలిసిపోయింది. వాళ్ళ కులపోళ్ళు కూడా ఉన్నారు దార్లో. చూసీ చూడనట్టు వెళ్ళిపోతన్నారు, ఎవరి ప్రాణం వాళ్ళకి. నా చేతి నీళ్ళు తాగని మనిషి, పిల్లని తీసి నా చేతిలో పెట్టింది. పెట్టె పిల్లతోనే ఉండాలి అంది. అమ్మ గుర్తు గదా, అందుకనుకున్నాను. లోపల ఇదుందని నాకేం తెలుసు? దాని సొమ్ములో ఆకులు పెట్టుకుని నమిలేనే ఇన్నాళ్ళూ."

అత్తయ్య మామ్మ వైపు ముందుకి వంగింది. "ఆవిడ పేరు?"

"మేస్త్రమ్మగారు అనేవాళ్ళమమ్మా. అసలు పేరు మాలాటోళ్ళకి ఎవరు చెప్తారు?"

"ఊరు?"

"శ్రీకాకుళం వైపని అనుకునేవారు."

అత్తయ్య లేచి, లోపలికి వెళ్ళి, సంచీ తీసుకుని బయటికి నడిచింది. ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పలేదు. నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెనకాల పరిగెత్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రాజోలు, తాటిపాక, అన్నీ దాటిపోతుంటే ఆవిడ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంటూ ఉంది, అవి ఎవరివో అన్నట్టు.

నెల దాటినా మామ్మ దగ్గరికి వెళ్దామనలేదు. బడి తెరిచారు. పాఠాలు చెప్పుకుంటూ, పేపర్లు దిద్దుకుంటూ ఉండేది. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది. ఒకసారి నాన్నగారు ఆ నగలన్నీ గుడ్డలో మూట కట్టి తెచ్చి, "అమ్మ ఇమ్మందక్కా" అని బల్ల మీద పెట్టారు. అత్తయ్య మూట విప్పను కూడా లేదు. "తీసుకెళ్ళిపో తమ్ముడూ" అంది. అమ్మ ఎలా ఉందని అడగలేదు. నాన్నగారు గుమ్మంలో కాసేపు నిలబడి, ఏడుపు ఆపుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లోనే ఓ పొద్దున్న నూతి దగ్గర పనిమనిషి లేదు. ఇంటావిడే చేదతో తోడి మా బిందెలోకి ఎత్తి పోస్తోంది. ఎప్పట్లాగే నీళ్ళు తుళ్ళి అత్తయ్య చీర తడిసిపోయింది. నాకు అప్పటికే మనసు మనసులో లేదు. "అసలు మా అత్తయ్య ఎవరో తెలుసాండి మీకు?" అని అరిచేశాను. అత్తయ్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది. "పిల్లకి ఒంట్లో బాగోలేదండి. వస్తానండి" అని నన్ను గదిలోకి లాక్కొచ్చి తలుపేసింది. బిందె దింపి, తడి కొంగు పిండుకుంటూ, "ఆ ఇంటి పిల్లనని చెప్తే చేద చేతికిస్తారు. దీనమ్మ కూతుర్నంటే ఇవ్వరు. అలా వచ్చిన నీళ్ళు నాకెందుకే?" అంది. అని మంచం మీద కూలబడి, నేనెప్పుడూ వినని గొంతుతో, నోరంతా తెరిచి ఏడ్చింది. ఆ వారమే మామ్మ దగ్గరికి ప్రయాణమయ్యాం.

తరవాత సంగతులు ముందే చెప్పేస్తాను. ఆ బంగారం కడ్డీతో మామ్మ కళ్ళకి ఆపరేషన్ అయింది. కెంపులు అమ్మి అత్తయ్య మామ్మకి పెంకుటిల్లు కట్టించింది, అమలాపురంలో తనకో చిన్న ఇల్లు కొనుక్కుంది. మురుగులూ సిగ్గుబిళ్ళా మాత్రం అమ్మలేదు, ఎప్పుడూ ఎవరికీ చూపించనూ లేదు. లాల్చీ ఆయన మళ్ళీ వచ్చి, అడుగు ఊడిపోయిన పెట్టె చూసి, పాపం, ఒక్క మాట కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. ఇప్పుడైతే మా తమ్ముడి కొడుకు, ఉమ్మి ఇస్తే చాలు, చుట్టాలెక్కడున్నారో చెప్పే పరీక్షలున్నాయంటాడు. అప్పట్లో మనిషి చెప్పిందే ఆధారం. చెప్పకపోతే అంతటితో సరి. అత్తయ్య ముసలిదయ్యాక వాడు ఆ పరీక్ష సంగతి చెబితే, "దొరికితే వాళ్ళతో ఏం మాట్లాడనురా?" అని నవ్వేసింది. కిందటేడు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక నేనీ మాటలు రాయగలుగుతున్నాను.

మేము వెళ్ళిన ఆ శనివారం సాయంత్రం మామ్మ వసారాలో ఉత్త చేతులతో కూర్చుని ఉంది. ఆకులు మానేసిందని, తోడుగా వచ్చి ఉంటున్న మా అమ్మ గుసగుసగా చెప్పింది. కళ్ళు సరిగ్గా కనపడక, మెట్టు మీద అడుగుల చప్పుడుకి "ఎవరూ?" అంది. అత్తయ్య జవాబు చెప్పకుండా ఎదురుగా చాప మీద కూర్చుంది. పెదనాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అత్తయ్య అడిగింది.

"వాళ్ళ కులంవాళ్ళు కూడా ఆగలేదన్నావు. నిన్ను గుమ్మం బయట నిలబెట్టిన మనిషి. ముంతెడు నీళ్ళు తాగని మనిషి. మీకే తిండి లేదు. నువ్వెందుకు ఆగేవు?"

మామ్మ కొంగుతో మోకాలు తుడుచుకుంటూ ఉండిపోయింది.

"నాకు పాలొస్తన్నాయమ్మా" అంది చివరికి. "నాకూ ఓ పిల్ల పుట్టింది రంగూన్‌లో. కొండ ఎక్కకముందే జ్వరం తగిలి పోయింది. దారి పక్కన మీ నాన్న చేతుల్తోటే తవ్వేడు. పిల్ల పోయినా పాలు పోలేదు. రవిక తడిసిపోతా ఉండేది. ఏం చెయ్యాలో తెలిసేది కాదు. నువ్వు ఆకలికి ఏడుస్తన్నావు. తీసుకున్నాను." తప్పు చేసిన దానిలా తల దించుకుంది. "నీ పేరు నాకు తెలీదు గదా. అందుకే మా పాప పేరే నీకు పెట్టుకున్నాను. సుగుణ దాని పేరేనమ్మా."

స్తంభం దగ్గర పెదనాన్న కిందకి జారి కూర్చున్నాడు. "నేను కలనుకున్నానే అమ్మా" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. "పాప ఏడుపు ఆగిపోయింది. మీరెవరూ మాట్లాడలేదు. మళ్ళీ ఎప్పుడో వినపడింది. బతికొచ్చిందనుకున్నాను."

చీకటి పడుతోంది. లాంతరు వెలిగించాలని ఎవరికీ తోచలేదు. అత్తయ్య లేచింది. మళ్ళీ సంచీ తీసుకుని వెళ్ళిపోతుందేమోనని నేను కూడా లేవబోయాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యిలో కొబ్బరి మట్టలు విరిచి పెడుతున్న చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించాయి. వసారా గోడ మీద మంట వెలుగు పడింది.

"అమ్మా, బియ్యం ఎంత పొయ్యమంటావు?" అని లోపలి నుంచి అడిగింది.

మామ్మ గోడ పట్టుకుని లేవబోయింది. నేనే లోపలికి వెళ్ళి బియ్యం కొలిచి ఇచ్చాను.